చాందినీ చౌక్‌లో కెమెరాల సందు

మొగలు చక్రవర్తి షాజహాన్ కుమార్తె జహనారా బేగం 1650 ప్రాంతంలో ఢిల్లీ ఎర్రకోటకు ఎదురుగా ఒక విశాలమైన బజారును కట్టించింది. బజారు నడుమ కాలువ, ఆ కాలువ మధ్య ఒక కొలను ఉండేవి. వెన్నెల రాత్రులలో ఆ కొలనులో చంద్రబింబం ప్రతిఫలించేదనీ, అందువల్లనే చాందినీ చౌక్ అన్న పేరు వచ్చిందనీ చెబుతారు. నేడు కాలువ లేదు, కొలనూ లేదు. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క సందు అన్న పాత సంప్రదాయం మాత్రం మిగిలి ఉంది. దరీబా కలాన్‌లో వెండి సామాను, కినారీ బజారులో జరీ అంచులు, నయీ సడక్‌లో పుస్తకాలు, ఖారీ బావ్లీలో సుగంధ ద్రవ్యాలు దొరుకుతాయి. ఆ వరుసలోనిదే కెమెరాల సందు. దాని పేరు కూచా చౌధరీ. పారశీక భాషలో కూచా అంటే సందు.

పునరుద్ధరణ పూర్తయి 2021లో ప్రారంభమైన ప్రధాన వీధిలోకి పగటి వేళ మోటారు వాహనాలు రాకూడదన్నది నిబంధన. కనుక యాత్రికుడు మెట్రో రైలు దిగి కాలినడకను రావడం మేలు. సందులోకి మలుపు తిరగగానే ఆకాశం సన్నని పట్టీలా కుంచించుకుపోతుంది. తలపైన చిక్కుపడిన కరెంటు తీగలు, ఇరుప్రక్కల అద్దాల అల్మరాలు, వాటిలో బారులు తీరిన నల్లని కెమెరాలు కనిపిస్తాయి. ఇక్కడికి వేడుక చూడడానికి వచ్చేవారు తక్కువ, అవసరం కొద్దీ వచ్చేవారే ఎక్కువ.

వారిలో చిన్న పట్టణాల పెళ్ళి ఫోటోగ్రాఫర్లు చాలామంది ఉంటారు. వీరికి లెన్సు అంటే రైతుకు ఎద్దు వంటిది. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. 2018లో నికాన్, కేనన్ సంస్థలు అద్దం లేని కొత్త తరహా కెమెరాల కోసం కొత్త మౌంట్లను ప్రవేశపెట్టాయి. కలిగినవారు కొత్త పరికరాలకు మారేకొద్దీ వారి పాత లెన్సులు సెకండ్ హ్యాండ్ దుకాణాలకు చేరుతున్నాయి. నాలుగు పెళ్ళిళ్ళ సంపాదన కూడబెట్టుకున్న యువకుడు వాటిలో ఒకదానిని ఎంచుకుంటాడు. ఊరికి పోయి కెమెరాకు తగిలించి మీట నొక్కుతాడు. తెరపై బొమ్మకు బదులు ‘ఎర్ 01’ అన్న అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. పెళ్ళి చూస్తే నాలుగు రోజులలో ఉంది. వధూవరులు దండలు మార్చుకునే క్షణం కెమెరా బాగయ్యేదాకా ఆగదు. అతడు మళ్ళీ ఢిల్లీ బస్సు ఎక్కుతాడు.

కేనన్ కెమెరాలలో ఆ సంకేతానికి అర్థం ఒక్కటే: కెమెరాకూ లెన్సుకూ మధ్య సంభాషణ సరిగా సాగడం లేదు. తప్పు ఎవరిదో ఆ సంకేతం చెప్పదు. 1959లో వచ్చిన నికాన్ మౌంటులో ఎపర్చర్ రేకులను కదిలించే పని చిన్న లోహపు మీటది. 1987లో కేనన్ ప్రవేశపెట్టిన మౌంటులో అటువంటి మీట లేదు. లెన్సు వెనుక అంచున వరుసగా అమర్చిన బంగారు రంగు లోహపు బిందువుల గుండా ఆజ్ఞలన్నీ విద్యుత్ రూపంలోనే పోతాయి. ఫోకస్ మార్చమన్నా, రేకులు మూయమన్నా ఆ బిందువులే దారి. వాటిపై వేలిముద్రల జిడ్డు పేరుకున్నా చాలు, మాట తడబడుతుంది.

అందుచేత ఈ సందులోని మరమ్మతుదారు తొలుత స్క్రూ డ్రైవరును ముట్టడు. మెత్తని, పొడి గుడ్డతో లెన్సు వైపూ, కెమెరా వైపూ ఉన్న బిందువులను తుడుస్తాడు. గరుకు కాగితంతో గీకడం అతని దృష్టిలో పెద్ద నేరం. పైపూత పోతే ఆ జబ్బు శాశ్వతమవుతుంది. తరువాత చార్జి నిండిన బ్యాటరీ వేసి చూస్తాడు. చాలా కేసులు ఇంతటితోనే తేలిపోతాయి.

తేలనప్పుడు అసలు విచారణ మొదలవుతుంది. అనుమానిత లెన్సును వేరొక కెమెరాకు తగిలిస్తాడు. ఆ యువకుని కెమెరాకు మంచి లెన్సు పెడతాడు. తప్పు లెన్సు వెంట పోతే లెన్సుది, కెమెరా వద్దనే నిలిచిపోతే కెమెరాది. చెప్పడానికి ఇది చాలా చిన్న విషయం. కాని ఒకే కెమెరా, ఒకే లెన్సు ఉన్నవాడు ఇంటివద్ద ఈ పరీక్ష చేయలేడు. కూచా చౌధరీలో చేయి చాపితే పది కెమెరాలు, పాతిక లెన్సులు అందుతాయి. ఆ సందు విలువ అక్కడే ఉంది.

లెన్సుదే తప్పని తేలితే మరొక పరీక్ష ఉంది. మనం వ్యూఫైండర్‌లో చూస్తున్నంతసేపూ లెన్సు రేకులు పూర్తిగా తెరచుకునే ఉంటాయి. బొమ్మ తీసే లిప్తలో మాత్రమే కోరినంత మేరకు ముడుచుకుంటాయి. కనుక మరమ్మతుదారు ఎపర్చరును పూర్తిగా తెరచి, అంటే ఎఫ్ 1.8 వంటి అతి చిన్న అంకె వద్ద, ఒక బొమ్మ తీస్తాడు. తరువాత ఎఫ్ 8 వద్ద ఇంకొకటి తీస్తాడు. మొదటిది వచ్చి, రెండవ దానికి సంకేతం వెలిగితే రేకుల యంత్రాంగంలోనో, దానికి విద్యుత్తు చేరవేసే సన్నని రిబ్బను తీగలోనో లోపమున్నట్టు అనుమానించాలి. జూమ్ తిప్పినప్పుడల్లా వంగి వంగి ఆ రిబ్బను తెగిపోవడం కద్దు. దుకాణంలో పూర్తిగా తెరచిన ఎపర్చరు వద్ద మాత్రమే పరీక్షించి కొన్నవాడు మోసపోయేది ఇక్కడే.

కొన్నిసార్లు నిందితుడు నిర్దోషి అని తేలుతుంది. పాత నికాన్ లెన్సులలో కొన్నింటికి ఎపర్చర్ వలయం ఉంటుంది. దానిని అతి పెద్ద అంకెకు తిప్పి, అక్కడున్న చిన్న తాళం వేయకపోతే డిజిటల్ కెమెరా ‘ఎఫ్ ఈ ఈ’ అనే అక్షరాలను చూపి మొరాయిస్తుంది. వలయం తిప్పితే చాలు, వైద్యం పూర్తి. అలాగే మరికొన్ని పాత నికాన్ లెన్సులకు స్వంత ఫోకస్ మోటారు లేదు, కెమెరాలోని మోటారే వాటిని తిప్పాలి. నికాన్ 3000, 5000 వరుసల కెమెరాలలో ఆ మోటారు ఉండదు. లెన్సు చెడిపోయిందని తగాదాకు వచ్చినవాడు, చేత్తో ఫోకస్ చేసుకోవడం నేర్చుకుని తిరిగిపోతాడు.

ఇతర సంస్థలు తయారు చేసిన లెన్సుల కథ వేరు. కెమెరా సంస్థ తన భాషకు వ్యాకరణం ప్రకటించనప్పుడు, వారు విని నేర్చుకున్న భాషతోనే లెన్సులు తయారు చేశారు. ఆనాటి కెమెరాలకు ఆ భాష చక్కగా బోధపడింది. తరువాత వచ్చిన కెమెరాలు కొత్త మాటలు పలికేసరికి కొన్ని పాత లెన్సులు తెల్లబోయాయి. ఇందులో ఎవరూ చెడిపోలేదు, ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు, అంతే. ఇటువంటి లెన్సును విప్పి బాగు చేయబోవడం వృథా ప్రయాస. దాని కాలపు కెమెరాకే దానిని జత చేయాలి.

అన్నింటికంటె ప్రమాదకరమైన జబ్బుకు మాత్రం ఏ సంకేతమూ లేదు. అది బూజు. వానాకాలపు తేమలో, చీకటి సంచిలో నెలల తరబడి మూతబడిన లెన్సులో సాలెగూటి దారాల వలె అది అల్లుకుంటుంది. ముదిరితే గాజుపై పూతను తినివేస్తుంది. కెమెరా దానిని గుర్తించదు, బొమ్మలు క్రమంగా మసకబారుతాయి. అందువల్ల అనుభవజ్ఞుడు లెన్సుకు ఒక వైపు నుంచి టార్చి వెలుగు వేసి, రెండవ వైపు నుంచి ఏటవాలుగా పరికిస్తాడు. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బా ఎంత చవకైనదో అప్పుడు గాని తెలిసిరాదు.

ఇక్కడ కొనదలచినవారు తమ కెమెరాను వెంట తెచ్చుకోవాలి. అన్ని ఎపర్చర్ల వద్దా, జూమ్ రెండు కొసల వద్దా బొమ్మలు తీసి చూడాలి. బిల్లుపై లెన్సు సీరియల్ నంబరు వ్రాయించుకోవాలి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

తెరపై వెలిగే అక్షరాలు ఫిర్యాదు మాత్రమే, తీర్పు కావు. వాటిని చూసి బెదిరినవాడు మంచి లెన్సును పారవేస్తాడు, లేదా మంచి కెమెరాను విప్పి పాడు చేస్తాడు. ఒకదాని తరువాత ఒకటిగా నిర్దోషులను విడుదల చేస్తూ పోతే చివరకు మిగిలినదే దోషి. ఈ ఓర్పు తెలిసిన చేతులు ఉన్నంతకాలం, ఒకరు వద్దనుకున్న లెన్సు మరొక ఇంటి పెళ్ళి పందిరిలో కన్ను తెరుస్తూనే ఉంటుంది.