తింటలేదంటే సచ్చిపోతదని కాదు

పాన్‌గల్ నుంచి హాస్టల్ పిల్లలం రాస్తున్నం.

మా తండా తమ్ముడొకడు గుట్ట కింద దొరికిన బొచ్చు సాలీడు పిల్లను డబ్బాలో పెట్టి పెంచుతున్నడు. పది రోజులైంది, కీచురాయి వేస్తే ముడుతలేదు. "మీరు డిగ్రీ చదువుతున్నరు గదా, చెప్పుండ్రి" అని మమ్మల్ని అడిగిండు. మా ఇండ్లల్ల కాలేజీకి వచ్చింది మేమే మొదలు. తెలియదని చెప్పబుద్ధి కాలే, కూర్చొని చదివినం.

టరాంటులా పిల్ల పొట్ట ఉబ్బి, నల్లబడి, మెరుస్తుంటే కుబుసం విడిచే టైం దగ్గరపడ్డట్టు. అప్పుడు తిండి ముట్టదు. బతికున్న కీచురాయిని లోపల ఉంచొద్దు, అదే సాలీడును కొరుకుతది. చిన్న మూతలో నీళ్లు ఉంటే చాలు. వెల్లకిల పడుకుంటే సచ్చిందనుకొని కదిలించొద్దు, కుబుసం అట్లనే విడుస్తది. కొత్త కోరలు తెల్లగ, మెత్తగ ఉంటయి. అవి నల్లబడి గట్టిపడ్డంకనే మేత వెయ్యాలె.

ఇంకో మాట. 1899లో శాస్త్రవేత్త పోకాక్ ప్రపంచానికి చెప్పిన గుత్తి నీలి సాలీడు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో బతుకుతది. బయటి దేశాల్లో దాన్ని ఇండ్లల్ల పెంచుకుంటరు. ఇక్కడ మాత్రం, చెట్లు పోయి, తీవ్రంగ అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల లెక్కల చేరింది. 2019లో దాని ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి వచ్చింది.

కోరలు గట్టిపడ్డంక దొరికిన చోటనే వదిలేస్తనని తమ్ముడు ఒప్పుకున్నడు. అడవిని, గుట్టను ఎరిగినోళ్లం మనమే. రేపు ఎవరన్న పైసలిస్తం, పట్టి తెమ్మంటే వద్దనాల్సింది కూడా మనమే. మీ దిక్కు ఎవరన్న ఇట్ల పెంచుతుంటే ఈ ముచ్చట చెప్పుండ్రి.