నీళ్లు లేని క్రషర్

అనకాపల్లి వైపు కొండల కింద ఒక కంకర క్రషర్ చూడ్డానికి వెళ్లాను. టిప్పర్ బండరాళ్లను జా క్రషర్ నోట్లో ఒంపగానే తెల్లటి దుమ్ము లేచి, ఎదురుగా నిలబడ్డ మనిషి కనబడకుండా పోయాడు. అలా కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. భయమంతా కనబడని దానితోనే. ఈ కొండల్లో దొరికే ఖొండలైట్, చార్నొకైట్ రెండింటిలోనూ క్వార్ట్జ్ ఉంటుంది. రాయి నలిగినప్పుడు 5 మైక్రాన్లకన్నా సన్నని సిలికా రేణువులు ఊపిరితిత్తుల లోలోపలికి దిగి మచ్చలు కట్టిస్తాయి. అదే సిలికోసిస్. ఆ మచ్చల్ని మాన్పే మందు లేదు.

జల్లెడ కింద రాలిన పొడిని ఒకావిడ పారతో ఎత్తుతోంది. ముక్కుకి కట్టుకున్న తువ్వాలు విప్పి చూపించింది. బయటివైపు ఎంత తెల్లగా ఉందో, మూతికి ఆనే వైపూ అంతే తెల్లగా ఉంది. అందుకే "గుడ్డ కట్టుకోమని చెప్పాం కదా" అనే యజమానుల మాట నేను ఒప్పుకోలేను.

దుమ్ముని అణిచేది నీళ్లు. రాయి నలిగేచోట, బెల్టు మీద సన్నని తుంపర పడాలి. ఇక్కడ పైపు ఉంది, నాజిల్ మూతి మాత్రం సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయింది. తడిపొడి జల్లెడ కళ్లను పూడ్చేస్తుందని, ఊరికూరికే మిల్లు ఆపాల్సొస్తుందని సూపర్‌వైజర్ అన్నాడు. ఆ ఇబ్బంది నిజమే. జల్లెడను మూసేసి, దుమ్ము లాగే ఫ్యాన్ పెడితే అది తప్పుతుంది. డబ్బు పెట్టాలి, అంతే.

బెల్టు దగ్గర పనిచేసే పెద్దాయన టీబీ మందులు ఆరు నెలలు వాడాడు. "కోర్సయిపోనాది. దగ్గు పోనేదు బాబూ" అన్నాడు. సిలికోసిస్ ఎక్స్‌రేలో టీబీలా కనిపించి డాక్టర్లను పొరబడేలా చేస్తుంది. పైగా సిలికా చేరిన ఊపిరితిత్తులకు టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. ఆయన ఓపీ చీటీలన్నీ తిరగేశాను. ఏం పని చేస్తాడో ఒక్కదాని మీదా లేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను డాక్టరు అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. రాజస్థాన్ 2019లో దీనికోసం ప్రత్యేక విధానం తెచ్చి, నిర్ధారణ అయినవాళ్లకు ఆర్థికసాయం ఇస్తోంది. ఈయనకేమో కూలి మేస్త్రీ చేతిమీదుగా వస్తుంది, హాజరు పుస్తకంలో పేరే లేదు. పరిహారం అడగాలంటే ముందు ఇక్కడ పనిచేసినట్టు రుజువు కావాలి.

మళ్లీ ఆస్పత్రికి వెళ్లినప్పుడు, డాక్టరు అడక్కపోయినా క్రషర్ పని సంగతి ముందే చెప్పమన్నాను. ఎన్నేళ్లు చేశాడో చీటీ మీద రాయించుకోమన్నాను.