ఎవరికి? ఎప్పటికి?

డిసెంబరు నెలాఖరు వచ్చిందంటే మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక లెక్క మొదలవుతుంది. మగవాళ్ళది మామిడితోట కౌలు లెక్క, పిల్లలది మార్కుల లెక్క, మాది కుట్లు అల్లికల లెక్క. ఏం మొదలెట్టాం, ఏది పూర్తయింది, ఏది సూది గుచ్చింది గుచ్చినట్టే అటకెక్కింది అని. మైలవరంలో చలేముంటుందిలే అనుకుంటారు బెజవాడ వాళ్ళు. ధనుర్మాసంలో ఓ తెల్లవారుజామున వచ్చి మా వాకిట్లో ముగ్గెయ్యమనండి, కొండగాలి సంగతి తెలుస్తుంది. ముగ్గయ్యాక నీళ్ళ పొయ్యి పక్కన పీట వాల్చుకుని కూర్చుంటే ఇక లేవబుద్ధి కాదు. మీరూ ఓ పీట లాక్కోండి, 2024 లెక్క చెప్పుకుందాం.

పోయిన జనవరిలో ఓ చీటీ రాసి బీరువా తలుపు లోపల అంటించాను. హాల్లో టేబులుకి క్రోషా గుడ్డ. సోఫా దిండ్లకి గలీబులు. అత్తయ్య మందులకి కలంకారీ సంచి. ఆడపడుచు కూతురి పెళ్ళికి జాకెట్టు మీద పని. అత్తయ్య బొమ్మల కొలువులో అంబారీ ఏనుగుకి విరిగిన తొండం. ఇప్పుడు ఆ చీటీ ముందు నిలబడి చూస్తే ఓ సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మనిషి పేరున్న పనులన్నీ అయ్యాయి. టేబుల్‌కీ సోఫాకీ రాసుకున్నవి అలాగే ఉన్నాయి. టేబుల్ ఎప్పుడైనా అడుగుతుందా, నా గుడ్డ ఏమైందని? అత్తయ్య అడుగుతుంది. అదీ రోజుకు రెండుసార్లు, మాత్రలు వేసుకున్నప్పుడల్లా.

ఆ సంచికి గుడ్డ బెజవాడ వన్‌టౌన్ వస్త్రలతలో కొన్నాను. పెడన అద్దకం. చెక్క అచ్చులతో అద్దుతారు కదా, దాని వెనకాల ఎంత చాకిరీ ఉంటుందో మనం గుర్తు పెట్టుకోం. గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో ముంచి ఆరబెట్టాలి. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళు తగిలితేనే నలుపు తేలుతుంది. పటిక పెట్టిన చోట ఎరుపు నిలుస్తుంది. అంత కష్టపడి చేసిన గుడ్డతో నేను కుట్టింది మందుల సంచి అని పెడన వాళ్ళకి తెలిస్తే ఏమంటారో గానీ, అత్తయ్య మాత్రం దాన్ని పేరంటానికి కూడా పట్టుకెళ్తోంది.

ఈ క్రోధి సంవత్సరం ఓ వింత ఏడాది. మామూలుగా వైశాఖం అంటే పెళ్ళిళ్ళ మీద పెళ్ళిళ్ళు, ఒక పందిట్లో అన్నం తిని ఇంకో పందిట్లో చెయ్యి కడుక్కునేంత హడావుడి. ఈసారి ఏప్రిల్ నెలాఖరు నుంచి జూలై మొదటి వారం దాకా మూఢమే. అది వదిలేసరికి ఆషాఢం పట్టుకుంది. మే 13న ఓట్ల సందడి తప్పితే ఎండాకాలమంతా ముహూర్తమన్న మాటే లేదు. ఆవకాయ జాడీల పనయ్యాక ఎన్నడూ లేనంత తీరిక దొరికింది. మరి ఆ తీరికలో టేబుల్ గుడ్డ అల్లానా అంటే, నాలుగు పువ్వులు అల్లి పక్కన పెట్టాను. తీరిక ఉంటే పని సాగుతుందనుకుంటాం, అదేం లేదు. శ్రావణంలో పెళ్ళి ఖాయమై, జాకెట్టు ఫలానా తేదీకి కావాలని ఆడపడుచు ఫోన్ చేసిన రోజు నుంచి చూడాలి మా ఇంట్లో సూది వేగం.

ఆ జాకెట్టు మగ్గం పని మా చెల్లెలిది. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటుంది, కుట్టుపనే దాని జీవనం. చేతులకి అది పూసలు, జర్దోసీ కుడితే, వీపు మీద కాడకుట్టు తీగలు నేను వేశాను. చూసిన వాళ్ళంతా దాని పనినే మెచ్చుకున్నారు. న్యాయమే, వెనకబడింది నాదైనా సరే న్యాయం న్యాయమే.

ఇక ఆగస్టు 31. ఆ వాన మీకూ గుర్తుండే ఉంటుంది. మా చెల్లెలి ఊరి మీదుగా పారే బుడమేరు పుట్టేది మా మైలవరం చుట్టుపక్కల కొండల్లోనే. ఎండాకాలం చూస్తే ఇదా ఏరు అనిపిస్తుంది. పొంగితే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్ళించి కృష్ణలో కలపాలని ఏర్పాటు. ఆ రోజుల్లో కృష్ణే నిండుకుండై ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకుముందు ఎన్నడూ చూడని వరద. బుడమేరు మళ్ళింపు కాలవకి మూడు గండ్లు పడ్డాయి. మా కొండల మీద కురిసిన వాన వెళ్ళి మా చెల్లెలి ఇంట్లో కిటికీ ఎత్తున నిలబడింది. వాళ్ళు పైవాటా వాళ్ళింట్లో తలదాచుకుని, నీళ్ళు తీశాక మా ఇంటికొచ్చారు. ఆటోలోంచి దిగుతూ అది ముందు దింపింది బట్టల మూట కాదు, కుట్టుమిషను తల. స్టాండు అక్కడే వదిలేసి తల ఒక్కటీ ఊడదీసి, గోనెసంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

ఆ మిషనుని బాగుచేసిన తీరు చెప్పాలి. అరుగు మీద పాత పేపర్లు పరిచి దాన్ని పడుకోబెట్టాం. అడుగు రేకు విప్పితే లోపలంతా ఒండ్రు, ఎండి పెంకులు కట్టింది. షటిల్ గూట్లో నీలం దారం ముక్క ఒకటి, వరదకి ముందు కుడుతున్న జాకెట్టుదట. వెనకటి రోజుల్లో అయితే కిరసనాయిలు పోసేవాళ్ళం, ఇప్పుడెక్కడిది? మావారు బంకు నుంచి సీసాలో డీజిలు తెచ్చారు. పాత పళ్ళ బ్రష్షుతో నేను పళ్ళచక్రాల సందులు తోముతుంటే, చెల్లెలు సూది పట్టే కడ్డీ మీద చుక్క చుక్కగా నూనె వేస్తూ కూర్చుంది. చక్రం తిప్పబోతే కదల్లేదు. మావారు బలం పట్టబోతే ఒక్క కసురు కసిరింది, “బావా, వదిలెయ్యి, విరిగిందంటే నా పొట్ట కొట్టినట్టే” అని. రాత్రంతా నూనెలో నానబెట్టి, పొద్దున్నే చేత్తో ఇంత ముందుకి, ఇంత వెనక్కి, అలా ఊపుతూ ఊపుతూ ఉంటే కిర్రుమని మొరాయించి మొరాయించి చివరికి ఓ చుట్టు తిరిగింది. ఇంట్లో అందరం కాఫీ గ్లాసులు పట్టుకుని చుట్టూ నిలబడ్డాం. మర్నాడు వినాయక చవితి. ఈ ఏడు మా పాలవెల్లి కింద పుస్తకాలతో పాటు మిషను తలకి కూడా పసుపు కుంకుమ పడ్డాయి.

ఇల్లు కడిగి సున్నాలు వేసుకునే దాకా చెల్లెలు మా దగ్గరే. చేతులూరికే ఉండే మనిషి కాదు. వరదలో తడిసిన నూలు చీరలన్నీ వేణ్ణీళ్ళలో డెటాల్ వేసి ఉడకబెట్టి, డాబా మీద ఆరేసింది. రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగిపోయాయి, కట్టడానికి పనికిరావు. “బొంతలు కుట్టేద్దాం అక్కా, ఇంట్లో పరుపులన్నీ పారేశాం, ముందు కింద వేసుకోడానికి కావాలి” అంది. ఆ బొంతలు అలా అయ్యాయి. మా పెద్దమ్మాయికి కార్తీకంలో పురుడు. పుట్టబోయే బిడ్డకి బొంత మాత్రం అత్తయ్య చీరలతోనే. పుట్టకముందు కొత్తవి కొనకూడదు, పాతవి కుట్టుకోవచ్చు అని మా ఇంట్లో శాసనం.

బొంత కుట్టడం తెలిసిన వాళ్ళు తగ్గిపోయారు కాబట్టి చెబుతున్నాను. చీర ఉతికి ఉతికి మెత్తబడి ఉండాలి, గంజి వాసన తగలకూడదు. నేల మీద మడత మీద మడత పరిచి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు బరువు పెట్టాలి. కుట్టు అంచు నుంచి మొదలుపెడితే నడుమ బుడగలా లేస్తుంది. నడిమధ్యలో మొదలెట్టి అంచుల వైపు రావాలి. కచ్చాకుట్టే, కానీ పొట్టి కుట్టు. పసిపిల్లల కాలి వేళ్ళు దారంలో చిక్కుకోకుండా చూసుకోవాలి. చివర చుట్టూ చీర అంచునే పట్టీగా మలిచి కుట్టాలి. అత్తయ్య పక్కనే మంచమ్మీద కూర్చుని ఏ చీర ఎప్పటిదో చెబుతూ పోయింది. ఇది మీ మామయ్య చల్లపల్లి తీర్థంలో కొన్నది, ఇది మీ పెళ్ళిలో పెట్టింది అంటూ. పాప పుట్టింది, బారసాల నాడు ఆ బొంతలోనే చుట్టి ఉయ్యాల్లో వేశాం. ఇంత వెల పెట్టి కొన్న దుప్పట్లు బహుమతులుగా వచ్చాయి గానీ, పాప దీంట్లోనే నిద్రపోతోంది.

సరే, టేబుల్ గుడ్డ సంగతి. ఆ నాలుగు పువ్వులూ చేతిలోకి తీసుకుంటే నాకు ఎప్పుడూ నర్సాపురం వైపు ఆడవాళ్ళు గుర్తొస్తారు. ఆ లేసు అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పింది. ఇప్పుడు గోదావరి పల్లెల్లో అరుగు అరుగునా అదే. 2024లోనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ డెబ్బయ్యో దశకం చివర అక్కడికొచ్చి ఆ ఆడవాళ్ళ మధ్య తిరిగి, 1982లో ఓ పుస్తకం వేసింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే వాళ్ళని చుట్టూ ఉన్నవాళ్ళు పనివాళ్ళుగా లెక్కే పెట్టలేదని ఆవిడ బాధ. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకునే పని అని పేరు పెట్టి, కూలి అందుకు తగ్గట్టే ఇచ్చారు. నేను అల్లే టేబుల్ గుడ్డ ఎవరికో నాకే తెలియక ఆగిపోతే, వాళ్ళు ఎవరి టేబుల్ మీదికో, ఏ దేశానికో తెలియకుండానే ఏళ్ళ తరబడి అల్లారు. పొట్ట కోసం చేసేదానికీ ముచ్చటకి చేసేదానికీ పోలిక లేదు. కాకపోతే “ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటావుగా” అనే మాట రెండు చోట్లా ఒకటే, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా చెల్లెల్ని ఎవరైనా అలా అంటే మరీను.

ఏనుగు పని ఈ నెలలోనే అయింది. భోగికి కొలువు పెట్టాలి, అంబారీ ఏనుగు లేకుండా మెట్టు నింపనని అత్తయ్య భీష్మించుకుంది. కొండపల్లి మాకు ఎంత దూరం, జి.కొండూరు దాటి ఇబ్రహీంపట్నం వైపు బస్సెక్కడమే. బొమ్మల కాలనీలో ఓ పెద్దావిడ దాన్ని చేతిలో తిప్పి చూసి, దీనికి మేమెందుకమ్మా, మక్కు చేసుకుని నువ్వే పెట్టుకో అని తీరు చెప్పింది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా పొడి కొట్టి, నీళ్ళల్లో ఉడికిస్తే జిగురవుతుంది. దాంట్లో రంపపు పొట్టు కలిపితే మక్కు. వాళ్ళ బొమ్మల్లో కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి అతికేది దీంతోనే. కర్రేమో తెల్లపొణికి, కొండపల్లి అడవిలోది, చేతిలోకి తీసుకుంటే ఏనుగైనా బరువుండదు. కర్రలో చెమ్మ పోయేదాకా సన్నని సెగ మీద ఆరబెట్టి, చెక్కి, అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు. మగవాళ్ళు ఎక్కువగా చెక్కుతారు, ఆడవాళ్ళు ఎక్కువగా రంగులేస్తారు. ఒక్కో కల్లుగీత తాడిచెట్టు బొమ్మ మీద ఇంట్లో అందరి చేతులూ పడతాయి. వాళ్ళది కూడా పండగల లెక్కే, సంక్రాంతి కొలువులకీ దసరాకీ. ఎవరికి, ఎప్పటికి అన్నది తేలకుండా వాళ్ళింట్లో ఉలి లేవదు.

మా ఏనుగు తొండం కాస్త వంకర తిరిగింది. అత్తయ్య అటూ ఇటూ చూసి, “ఆశీర్వదిస్తున్నట్టుందిలే” అని ఒప్పేసుకుంది.

కొత్త చీటీ నిన్ననే రాశాను. ఈసారి ప్రతి వరసలో ముందు మనిషి, తర్వాత పండగ, ఆ తర్వాతే పని. భోగిపళ్ళ నాటికి మనవరాలికి టోపీ అని మొదటి వరస. దానికి దారం కొనే పని లేదు, టేబుల్ గుడ్డ కోసం తెచ్చిన యాంకర్ ఉండల్లో మిగిలినవి ఇంకా విప్పకుండానే ఉన్నాయి. చెల్లెలికి ఉగాది లోపల మిషనుకి కొత్త స్టాండు. అది నేను కుట్టేది కాదు, మావారు కొనేది, అయినా చీటీలో రాసి ఉంచాను. సోఫా గలీబులు రెడీమేడ్ కొనేస్తున్నాను, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

సంక్రాంతికి ఇటు వైపు వచ్చేవాళ్ళుంటే ఓ మాట. కొండపల్లిలో దిగి బొమ్మల కాలనీ దాకా వెళ్ళండి, పెద్ద షాపుల్లో కాకుండా రంగులేస్తున్న వాళ్ళ గుమ్మం ముందే కొనండి. ఎవరికి కొంటున్నారో కూడా చెప్పండి, వాళ్ళకది ఇష్టం. బేరం మాత్రం ఆడకండి.