గీతలు పడిన భయం

క్యాసెట్ సాఫీగా నడుస్తూ నడుస్తూ ఒకచోట బొమ్మ వణకడం మొదలెట్టేది. తెర మీద అడ్డంగా గీతలు, మాట సాగిపోయి గరగర... అంతే, చూస్తున్నవాళ్లు సర్దుకుని కూర్చునేవారు. అంతకుముందు దాన్ని అద్దెకు తీసుకెళ్లిన వాళ్లంతా సరిగ్గా అక్కడే ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ మళ్లీ చూశారన్నమాట. అంటే, అసలు ఘట్టం వచ్చేస్తోంది!

బ్రిటన్‌లో ఇప్పుడు యాభై దాటిన హారర్ అభిమానుల్ని కదిపితే చాలు, సినిమా కథ కన్నా ముందు ఈ గీతల గురించే చెబుతారు. వాళ్లు తలచుకుని మురిసిపోయే సినిమాల్లో చాలావాటిని ఒకప్పుడు అక్కడ దుకాణంలో పెట్టుకుంటే పోలీసులు వచ్చేవారు.

1980ల మొదట్లో బ్రిటన్‌లో హాల్లో ఆడే సినిమాకు సెన్సార్ ఉండేది. ఇంట్లో చూసే క్యాసెట్‌కు అలాంటి నిబంధనేమీ లేదు. పేపర్లమ్మే కొట్టు, పెట్రోలు బంకు... ఎక్కడ చూసినా అద్దె క్యాసెట్లే. పెద్ద హాలీవుడ్ కంపెనీలు వీడియో వైపు రావడానికి తటపటాయిస్తుంటే, ఆ ఖాళీని ఇటలీ, అమెరికాల చవక హారర్ సినిమాలు నింపేశాయి. లోపల సరుకు ఎలా ఉన్నా అట్ట మాత్రం అదిరిపోవాలి. 'డ్రిల్లర్ కిల్లర్' ప్రకటనలో ఏకంగా ఒక మనిషి నుదుట్లోకి దిగుతున్న డ్రిల్లింగ్ మిషన్ బొమ్మ వేశారు. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 'కానిబల్ హోలోకాస్ట్' పంపిణీదారులు ఇంకో అడుగు ముందుకేసి, తమ సినిమా మీద తామే పేరు లేకుండా ఫిర్యాదు రాసుకున్నారని చెబుతారు. ఆ ఉత్తరం వెళ్లింది మేరీ వైట్‌హౌస్‌కి. ఆమె ఒకప్పటి టీచరు, తెర మీద అశ్లీలం, హింసలపై ఏళ్ల తరబడి పోరాడిన మనిషి. ప్రచారం కోసం ఆమెను గిల్లడమంటే తేనెతుట్టెను కదపడమే!

పత్రికలు ఈ క్యాసెట్లకు 'వీడియో నాస్టీస్' అని పేరు పెట్టాయి. పాడు వీడియోలన్నమాట. దేశంలోని ప్రధాన ప్రాసిక్యూటర్ కార్యాలయం అభ్యంతరకరమైన సినిమాల జాబితా తయారుచేసింది. చేర్పులూ తీసివేతలూ కలిపి చివరికి అందులోకి ఎక్కినవి 72. కోర్టుల్లో నేరం రుజువైనవి 39. ఇక పోలీసుల దాడులు. పేరు చూసి ఏదో అనుమానించి, 'ది బిగ్ రెడ్ వన్' అనే మామూలు యుద్ధ సినిమాను కూడా పట్టుకుపోయారట. అందరి కథా ఇలా నవ్వులతో ముగియలేదు. 'నైట్‌మేర్స్ ఇన్ ఎ డ్యామేజ్డ్ బ్రెయిన్' పంపిణీదారు 1984లో జైలుకు వెళ్లాడు. అదే ఏడాది వచ్చిన చట్టంతో ప్రతి వీడియోకూ సర్టిఫికెట్ తప్పనిసరైంది.

వద్దన్న పేర్లన్నీ ఒకచోట రాసిపెట్టి ఉన్నాయి. కుర్రాళ్లకు అంతకన్నా ఏం కావాలి! వాళ్లు ఆ జాబితా పట్టుకుని వేటకు బయల్దేరారు. అభిమానులే అచ్చు వేసుకునే చిన్న పత్రికల ద్వారా పరిచయాలు, పోస్టులో పొట్లాలు, కాపీకి కాపీ, దానికి మరో కాపీ. హాలెండ్ నుంచి వచ్చిన టేపుల్లో కింద డచ్చి అక్షరాలు ఉండేవి. కాపీ చేసినకొద్దీ ఎరుపు రంగు గీత దాటి పక్కకు పాకేది, చీకటి మరింత చిక్కబడేది. రబ్బరు చెయ్యి రబ్బరుదని తెలిసేది కాదు. దర్శకుడు సగం తీస్తే మిగతా సగం చూసేవాడి బుర్ర తీసుకునేది.

అసలు చూడకుండానే భయపడినవాళ్లూ తక్కువేం కాదు. చిన్నపిల్లలు సైతం ఈ సినిమాలు చూసేస్తున్నారని అప్పట్లో ఒక సర్వే గగ్గోలు పెట్టింది. తర్వాత వేరే పరిశోధకులు అసలు లేనే లేని సినిమాల పేర్లు కల్పించి పిల్లల ముందు పెట్టారు. చాలామంది 'ఓ, చూశాం' అన్నారు! బడిలో గొప్ప కోసం చెప్పిన కథలే కొందరికి ఇప్పుడు జ్ఞాపకాలైపోయాయేమో.

మనకూ ఈ క్యాసెట్ల లోకం కొత్తేం కాదు. టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చి తెల్లవార్లూ చూసిన తరం మన ఇళ్లలోనే ఉంది. దర్శకుడు కాకముందు రామ్‌గోపాల్ వర్మ హైదరాబాద్‌లో నడిపింది వీడియో షాపే. 1992లో 'రాత్రి'తో తెలుగువాళ్లను వణికించింది ఆయనే.

ఆ జాబితా అంతా కళాఖండాలేం కాదు, చాలావరకు చెత్తే. తల్లిదండ్రుల బెంగను ఉత్త చాదస్తమని కొట్టిపారేయడమూ సరికాదు. 'కానిబల్ హోలోకాస్ట్' కోసం జంతువుల్ని నిజంగానే చంపారు. 2011లో దాన్ని మళ్లీ విడుదల చేసినప్పుడు కూడా సెన్సార్ వాళ్లు అలాంటి ఒక ముక్కను కత్తిరించారు. అది న్యాయమే.

మిగతా చాలావాటికి మాత్రం మెల్లగా తలుపులు తెరుచుకున్నాయి. ఏళ్ల తరబడి అక్కడ వీడియోగా దొరకని 'ఎగ్జార్సిస్ట్' 1999లో వచ్చింది. 'ఈవిల్ డెడ్' 2001లో ఒక్క కత్తిరింపూ లేకుండా వచ్చింది. పేరులోనే రంపం, మారణకాండ ఉన్న 'టెక్సాస్ చైన్‌సా మాసకర్' అంతా చూస్తే తెర మీద నెత్తురు చుక్కలు లెక్కపెట్టొచ్చు! అన్నట్టు, 1984 నాటి చట్టాన్ని యూరప్ కమిషన్‌కు తెలియజేయడం మరిచిపోయారని, కాబట్టి దాని కింద కేసులు పెట్టడం కుదరదని 2009లో బయటపడింది. పాతికేళ్ల తర్వాత! 2010లో అదే చట్టాన్ని మళ్లీ ఆమోదించుకోవాల్సి వచ్చింది.

డిస్కులో బొమ్మ అద్దంలా ఉంటుంది. కళ్లార్పకుండా చూసినవాళ్లు తీరా 'ఇదేనా?' అని నీరుగారిపోయారు. పూసిన రంగు, అతికించిన చర్మం అన్నీ కనపడిపోతున్నాయి మరి. అందుకేనేమో, సర్టిఫికెట్లు రాకముందటి పాత క్యాసెట్లకు గిరాకీ తగ్గలేదు. అరుదైనది కనపడితే డబ్బుకు వెనకాడకుండా కొని, పెద్ద అట్టపెట్టెతో సహా అలమారలో వరసగా నిలబెట్టుకుంటున్నారు. చూడాలనిపిస్తే డిస్కు వేసుకుంటారు. క్యాసెట్‌ను మాత్రం ముట్టుకోనివ్వరు... అరిగిపోతుందట!