పెట్టె సర్దే చేతులు: తిరువూరు మామిడికి ఆన్‌లైన్ దారి

ఎన్టీఆర్ జిల్లా ఉత్తరపు అంచున, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న తిరువూరు 2022 జిల్లాల పునర్విభజనలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. విస్సన్నపేట, రెడ్డిగూడెం, ఎ.కొండూరు మండలాలతో కలిసి అంతకు చాలా ముందు నుంచే ఇది మామిడి తోటల ప్రాంతం. ఇక్కడి పంట ప్రధానంగా రెండు దారుల్లో అమ్ముడవుతూ వచ్చింది: పూత మీదనే తోటను గుత్తకు ఇచ్చేయడం ఒకటి, కాయ కోసి విజయవాడ దగ్గరి నున్న మార్కెట్‌కు తోలి, కమీషన్, తరుగు పోగా మిగిలిన సొమ్ము తెచ్చుకోవడం రెండోది. ఆర్డరు, చెల్లింపు, సరుకు జాడ మూడూ ఇంటర్నెట్ మీద నడిచే ఈ-వ్యాపారం మూడో దారిగా వచ్చి, రైతుకూ తినేవారికీ మధ్య ఎవరూ ఉండరనే ఆశ కల్పిస్తున్నది.

పట్టణ శివారులో తోటను ఆనుకొని వేసిన ఒక రేకుల షెడ్డు ఈ మూడో దారికి మొదలు. ఆర్డర్లు కనిపించే తెరను, రంగుల్లో అచ్చువేసిన పెట్టెలను చూపించడానికి తోట యజమాని ఎంత ఉత్సాహపడినా, సందర్శకుడి చూపు నిలిచేది మాత్రం నేల మీద కూర్చుని కాయలు ఏరుతున్న ఒక పెద్దావిడ చేతుల మీదనే. బంగినపల్లి కాయకు తొడిమ పక్కనున్న భుజాలు తొడిమను మించి ఉబ్బితే అది పక్వానికి వచ్చినట్టు. ఆ నిండుదనం లేని కాయను ఎన్నాళ్ళు మాగబెట్టినా తోలు ముడతపడుతుందే తప్ప లోపల తీపి రాదు. ఆమె బొటనవేలు ఆ భుజాల మీదుగా ఒక్కసారి తిరిగితే కాయ ఏ పెట్టెకు చేరాలో తేలిపోతుంది. తొడిమ మొదలంటా విరిగి, జీడి కారి, తోలు మీద మచ్చపడిన కాయ పక్కకు పోతుంది. చీటీలు అంటించే కుర్రవాడు తొందరపడి ఒక కాయను అందుకోబోతే, “అది బెంగళూరుకొద్దురా, దారిలోనే మెత్తబడిద్ది, హైదరాబాద్ పెట్టెలో వెయ్” అని ఆమె వారిస్తుంది. దూరాన్ని బట్టి కాయ పచ్చిదనాన్ని లెక్కగట్టే ఈ విద్య షెడ్డులోని ఏ తెర మీదా లేదు.

ఆన్‌లైన్ అమ్మకపు నమూనాలను ఈ చేతుల పక్కన నిలబెట్టి చూస్తే వాటి బలం, లోపం రెండూ తెలుస్తాయి. అమ్మేవారిని, కొనేవారిని కలిపి కమీషన్ తీసుకునే వేదికను మార్కెట్‌ప్లేస్ నమూనా అంటారు. సంస్థ తానే సరుకు కొని నిల్వచేసి అమ్మితే అది ఇన్వెంటరీ నమూనా. విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థలకు మొదటిదాన్నే అనుమతిస్తూ కేంద్రం 2016లో నిబంధనలు ప్రకటించి, 2018 డిసెంబరులో వాటిని మరింత బిగించింది. మూడోది, ఉత్పత్తిదారు సొంత పేరుతో నేరుగా వినియోగదారుకు అమ్మే పద్ధతి; ఈ షెడ్డులో వాట్సాప్ ఆర్డరు, యూపీఐ చెల్లింపుతో నడుస్తున్నది ఇదే. వేదికల గుత్తాధిపత్యాన్ని సడలించేందుకు 2021 డిసెంబరులో కేంద్రం ప్రోత్సాహంతో ఏర్పడిన ఓఎన్‌డీసీ, ఒక యాప్‌లో నమోదైన అమ్మకందారు సరుకు మరో యాప్‌లోని కొనుగోలుదారుకు కూడా కనిపించేలా అల్లిన ఉమ్మడి వల.

బట్టలకు, పుస్తకాలకు ఈ నమూనాలు సరిపోయినంతగా మాగే పండుకు సరిపోవు. చీర నచ్చకపోతే వెనక్కి పంపవచ్చు. వెనక్కి వచ్చిన మామిడి పారబోతకే పనికొస్తుంది. పైగా కొరియర్ సంస్థలు అసలు బరువును, పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువును పోల్చి, ఏది ఎక్కువైతే దానికే రుసుము వసూలు చేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం ఇందులో తరచుగా వాడే లెక్క. ఆ ప్రకారం 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో మూడు కిలోల కాయలే ఉన్నా 4.8 కిలోలకు చెల్లించాలి. కాయకు కాయ ఒరుసుకోకుండా, ఖాళీ మిగలకుండా సర్దే నేర్పు అందువల్ల ఆదాయ వ్యయాల లెక్కలోకి వస్తుంది. కోతకు ముందే ఆర్డర్లు తీసుకుని, వచ్చినంత మేరకే కాయ దించే ముందస్తు అమ్మకమే ఈ పంటకు తగిన నమూనా. కర్ణాటక మామిడి అభివృద్ధి సంస్థ తపాలా శాఖతో కలిసి 2019 నుంచి ఆన్‌లైన్ ఆర్డర్ల మీద బెంగళూరు ఇళ్ళకు పెట్టెలు చేర్చడం, ప్రభుత్వ యంత్రాంగం తలచుకుంటే ఇది సాధ్యమేననడానికి నిదర్శనం.

షెడ్డు గుమ్మంలో వినిపించిన ఫిర్యాదు ఇంకా లోతైనది. ఒక వేదిక ద్వారా కూడా కొన్ని పెట్టెలు అమ్మిన రైతు తోటి రైతుతో, “చెట్టు మనదే, కాయ మనదే, కొన్నవాళ్ళ నంబరు మాత్రం మనకి చెప్పరండీ” అంటున్నాడు. ఈ-వ్యాపారంలో అసలు ఆస్తి సరుకు కాదు, మళ్ళీ కొనే మనిషి చిరునామా. అది వేదిక చేతిలో ఉన్నంతకాలం రైతు దృష్టిలో పాత కమీషన్ కొట్టు కొత్త బోర్డు పెట్టుకున్నట్టే.

2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు లభించింది; కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని నిషేధించి, ఇథిలీన్ వాయువును పది లక్షల వంతుల్లో వంద వంతుల వరకే అనుమతించే ఆహార భద్రతా నిబంధనలూ ఉన్నాయి. పేరుకు రక్షణ దొరికింది, ఆరోగ్యానికి చట్టం దొరికింది, కాయను చేత్తో పట్టి చెప్పగల మనిషికి మాత్రం సీజను ముగిస్తే ఆగిపోయే రోజుకూలి తప్ప మరేదీ దొరకలేదు. పెట్టె మీద తోట పేరు, రకం పేరు, బరువు అచ్చవుతాయి; ఆ పెట్టెకు పరువు తెచ్చిన వారి ఊసు ఎక్కడా ఉండదు. డిజిటల్ అమ్మకాల గురించి జరిగే చర్చ యాప్ దగ్గర మొదలై యాప్ దగ్గరే ముగిసినంతకాలం, ఈ విద్య నేర్చుకోవడానికి తర్వాతి తరం ఎందుకు ముందుకు రావాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

తిరువూరు వంటి పట్టణాలకు కావలసినది మరో వెబ్‌సైటు కాదు. మార్కెట్ కమిటీ, ఉద్యాన శాఖ, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కలిసి ఉమ్మడి గ్రేడింగ్ షెడ్డును, ఇథిలీన్ గదిని ఏర్పాటు చేయాలి. ఏరే పనిని నైపుణ్యంగా గుర్తించి తగిన కూలి నిర్ణయించాలి. కొనేవారి వివరాలు, వారి సమ్మతితో, రైతు సంఘం దగ్గర ఉండేలా ఒప్పందాలు రాసుకోవాలి. ఈ మూడూ జరగని చోట ఆన్‌లైన్ అమ్మకం రైతుకు దళారీని తొలగించదు, దళారీ చిరునామాను మాత్రమే మారుస్తుంది.