ఇసుకకు అడ్డం పడ్డ ఏరు

కుయిసెబ్ నది నమీబియా రాజధాని విండ్‌హోక్‌కు పడమటనున్న ఖోమస్ గుట్టల్లో పుడుతుంది. అక్కణ్నుంచి అట్లాంటిక్ సముద్రం దాకా దానికి దారి ఉంది. నీళ్లే ఉండవు. మనకు చలికాలమైనప్పుడు వాళ్లకు ఎండాకాలం, వానలూ అప్పుడే. గుట్టల మీద గట్టి వాన పడితే కొద్దిరోజులు ఏరు పారుతుంది, తర్వాత మళ్లీ ఇసుకే. పెన్నా, చిత్రావతి గట్టున పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

నేను ఆ నదిని చూసింది విమానంలోంచి. మా యాత్రలో, తీరపట్టణం స్వకోప్‌ముండ్‌లో ఆ రోజు మాకు విశ్రాంతి. కావలసినవాళ్లు విడిగా డబ్బు కట్టి ఎడారి మీద విమానంలో తిరిగి రావచ్చు. పొద్దున సముద్రం మీంచి వచ్చిన పొగమంచు ఊరిని కప్పేసింది. అది విచ్చేదాకా విమానం కదలదన్నారు. ఈలోగా ఒక్కొక్కరినీ కాటా ఎక్కించి, బరువును బట్టి సీట్లు ఇచ్చారు. వయసైతే దాచుకోవచ్చు గానీ, చిన్న సెస్నా దగ్గర బరువు దాగదు. నాకు కుడి కిటికీ దక్కింది.

పైకి లేచాక కాసేపు బూడిదరంగు గులకరాళ్ల మైదానం. తర్వాత నేల ఒక్కసారిగా చీలింది. అదే కుయిసెబ్ లోయ. నల్లని రాతి మడతల మధ్య, అడుగున తెల్లటి ఇసుక వంకర్లు తిరుగుతూ పోతోంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హెన్నో మార్టిన్, హెర్మన్ కోర్న్ అనే జర్మన్ భూగర్భ శాస్త్రవేత్తలు నిర్బంధ శిబిరం తప్పించుకోవడానికి ఇక్కడే దాక్కున్నారు. వెంట ఓటో అనే కుక్క. వేటాడుకుంటూ, రేడియోలో యుద్ధవార్తలు వింటూ రెండేళ్లకు పైగా గడిపారు. చివరికి కోర్న్‌కు జబ్బు చేయడంతో 1942లో బయటికి రాక తప్పలేదు. పై నుంచి చూస్తే ఆ లోయలో మనిషి దాగడం తేలికే, బతకడమే కష్టం అనిపించింది.

లోయ దాటాక పడమటికి చూడండి అన్నాడు పైలట్. కుడి కిటికీలో ఒక పచ్చగీత కనిపించింది, కుయిసెబ్ వెంట తుమ్మ జాతి చెట్ల వరస. గీతకు ఇటు దక్షిణాన ఎర్రటి ఇసుకకొండలు, అటు ఉత్తరాన చదునైన రాతినేల. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. దక్షిణపు గాలి ఇసుకను ఎప్పుడూ ఉత్తరానికి తోస్తుంది. ఏరు ఎండి ఉన్నన్నాళ్లూ ఆ ఇసుక దాని ఒళ్లోకి జారుతుంది. ఏరొచ్చిన రోజున మొత్తం ఊడ్చుకుపోతుంది. ఏడాదిలో నాలుగు రోజులు పారినా చాలు, ఇసుక అవతలి గట్టు ఎక్కలేదు.

ఆ చెట్ల కిందే గోబబెబ్ పరిశోధన కేంద్రం ఉంది. 1962 నుంచీ ఎడారి జీవుల్ని గమనిస్తున్నారు. పొగమంచు వచ్చినప్పుడు ఇసుకదిబ్బ అంచుమీద తల కిందికి పెట్టి, వీపు మీద పేరుకున్న నీటిబొట్టును నోట్లోకి జార్చుకునే పెంకుపురుగు ఇక్కడిదే. నది దిగువన గట్ల వెంట తోప్‌నార్ జనం ఉంటారు. మేకల్ని కాస్తారు. ఏటి ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తోడుకోవడం వాళ్లకు తాతల నాటి పని. ఆకుల్లేని ముళ్లపొదకు కాసే నారా కాయ వాళ్ల పంట. గుజ్జు ఉడికించి ఎండబెడతారు, గింజలు తింటారు.

విమానం దక్షిణానికి తిరిగి, దిబ్బల నడుమ మట్టిపళ్లెంలా ఉండే సొసస్‌వ్లే చేరింది. అందరూ డబ్బు కట్టేది దీనికోసమే కనుక ఫోటోల సంగతి చెప్పనక్కర్లేదు. నా కళ్లు మాత్రం త్సౌఖాబ్ నది మీద నిలిచాయి. కుయిసెబ్ నెగ్గిన చోట ఇది ఓడిపోయింది. దిబ్బలు దాన్ని సముద్రానికి పోనివ్వక ఆ మట్టిపళ్లెంలోనే ఆపేశాయి. పక్కనే డెడ్‌వ్లేలో, నీరు రాక వందల ఏళ్ల కిందట చచ్చిన చెట్లు కుళ్లకుండా నల్లగా నిలబడే ఉన్నాయి.

తీరం పట్టుకుని వెనక్కి వస్తుంటే 1909లో ఒడ్డెక్కిన ఎడ్వర్డ్ బోలెన్ ఓడ కనిపించింది. సముద్రం జరిగిపోయి, ఓడ ఇసుకలో మిగిలింది. తర్వాత వాల్విస్ బే దగ్గర కుయిసెబ్ మళ్లీ ఎదురైంది. ఇక్కడ దాని బలం తక్కువ. అందుకే తీరం వెంట దిబ్బలు దాన్ని దాటి స్వకోప్‌ముండ్ దాకా పోయాయి. వాల్విస్ బే ఊరు మునగకుండా ఏటి ఉత్తరపు పాయకు గట్టు పోశారు. ఏరు సముద్రాన్ని ముట్టుకోవడమే అరుదు, 2011లో ముట్టుకుంది. అయినా ఈ రేవు పెరిగింది ఆ ఏటి నీళ్లతోనే. రూయిబ్యాంక్ దగ్గర ఇసుక కింద నుంచి దశాబ్దాలుగా తోడుకుంటున్నారు.

గులాబీరంగు ఉప్పుమడుల మీదుగా దిగుతుండగా, ఏరు పారడం చూశావా అని పైలట్‌ని అడిగాను. కుర్రాడు, ఉద్యోగంలో కొత్త. చూడలేదన్నాడు. చూసిన సీనియర్లు చెప్పారట, ఏరు పారిన వారం విమానం ఎక్కినవాళ్లంతా సొసస్‌వ్లే వద్దు, నీళ్లు చూపించమన్నారని.