కనిపించని చుక్క

కొన్నేళ్ల క్రితం మా మదర్సాలో పదేళ్ల బాలుడొకడు ఉండేవాడు. చేతిలో ఖాయిదా ఉంటే చక్కగా చదివేవాడు. నల్లబల్ల మీద వ్రాసిన పాఠం చదవమంటే మాత్రం తడబడేవాడు. ‘బే’ను ‘తే’ అనేవాడు, ‘జీమ్’ను ‘హే’ అనేవాడు. పుస్తకంలో వచ్చినది బల్ల మీద రాకపోవడం నిర్లక్ష్యమేనని మేము తలచాము. తోటి పిల్లల ముందు మందలించాము, నిలబెట్టాము కూడా.

ఆ సంవత్సరం కంటి పరీక్షల కోసం ఒక బృందం వచ్చింది. అందులో స్కార్ఫు ధరించిన ఒక అమ్మాయి గోడకు పట్టిక తగిలించి, ఆరు మీటర్లు కొలిచి, పిల్లలను ఒక్కొక్కరినే నిలబెట్టింది. నాలుగు దిక్కులకు తిరిగి ఉన్న ‘ఈ’ అక్షరాలను చూపి, వాటి కొమ్ములు ఎటున్నాయో చేతితో చూపమన్నది. మా బాలుడు పై వరుసల వద్దనే ఆగిపోయాడు.

“మౌలానా సాహెబ్, ఈ బాబుకు దూరపు చూపు తక్కువ. అక్షరం మసకగా కనిపిస్తుంది, చుక్క అసలే కనిపించదు” అన్నదామె.

అరబీ లిపిలో చుక్క కనిపించకపోతే ఇక అక్షరం తెలిసేదెలా? అద్దాలు వచ్చిన తరువాత ఆ బాలుడు బల్ల మీది పాఠాన్ని తప్పు లేకుండా చదివాడు. అందరి ముందు మందలించాము గనుక, అందరి ముందే అతనిని క్షమాపణ కోరాము.

ఆ అమ్మాయి వైద్యురాలు కాదు. ఇంటర్మీడియట్ తరువాత కంటి సహాయకుల శిక్షణ పొందినది. ఇటీవల ఒక తండ్రి తన ఇద్దరు కుమార్తెల విషయమై మా వద్దకు వచ్చినప్పుడు ఆమెయే గుర్తుకు వచ్చింది. పెద్దమ్మాయి బైపీసీతో ఇంటర్ పూర్తి చేసింది, కంటి సహాయకుల శిక్షణ కోరుతున్నది. చిన్నమ్మాయి పదవ తరగతి ముగించి, కార్యాలయ నిర్వహణ నేర్చుకుంటానంటున్నది. “హజ్రత్, ఇవి మన పిల్లలకు తగిన చదువులేనా?” అని ఆయన అడిగారు.

మేము ఇలా చెప్పాము: కంటి విద్య మన పూర్వులు పెంచిన విద్యయే. వస్తువుల నుండి వచ్చే కాంతి కంటిలోనికి ప్రవేశించడం వల్లనే మనం చూడగలుగుతున్నామని వివరించిన ఇబ్నుల్ హైసమ్ బస్రాలో జన్మించినవారు. ఇక వ్రాతపని సంగతి. దైవప్రవక్త (స) ఆదేశంతో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపి నేర్చుకుని ఉత్తరాలు వ్రాసేవారు, చదివి వినిపించేవారు. హజ్రత్ ఉమర్ (రజి) దీవాన్‌ను నెలకొల్పి, భృతి పొందేవారి పేర్లను పట్టికలకు ఎక్కించారు. పద్దును నమ్మకంగా వ్రాయడం అమానత్‌ను కాపాడడమే.

నేటి సంగతి కూడా చెప్పాము. హైదరాబాద్‌లో 1987లో ఆరంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామీణ యువతకు ఏడాది శిక్షణనిచ్చి, పల్లెల్లోని దృష్టి కేంద్రాలలో నియమిస్తున్నది. ఒక్కొక్క కేంద్రం సుమారు 50 వేల జనాభా కోసం ఉద్దేశించినది. చూపు కొలవడం, అద్దాల నంబరు తేల్చడం, శుక్లం వంటివి గుర్తించి పెద్దాసుపత్రికి పంపడం అక్కడి పని. పురుషుని ముందు నఖాబ్ తీయడానికి జంకి, కంటిబాధను ఏళ్ల తరబడి ఓర్చుకునే మన వృద్ధ స్త్రీలకు అక్కడ ఒక ముస్లిం అమ్మాయి ఉంటే ఎంత మేలు! చిన్నమ్మాయికి పాలిటెక్నిక్‌లలో కమర్షియల్ అండ్ కంప్యూటర్ ప్రాక్టీస్ అనే మూడేళ్ల డిప్లొమా ఉన్నది. టైపు, షార్ట్‌హ్యాండ్, లెక్కలు, కంప్యూటరు అందులో నేర్పుతారు.

అయితే రుసుము కట్టే ముందు కళాశాలకు గుర్తింపు ఉన్నదో లేదో స్వయంగా విచారించమన్నాము. వసతిగృహాన్ని చూసి రమ్మన్నాము. నమాజుకు చోటు, హిజాబుకు గౌరవం ఉన్నాయేమో అడగమన్నాము. అన్నింటికంటే ముందు, కుమార్తెల అభీష్టాన్ని వారి నోటనే వినమన్నాము.

ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, “పదేళ్ల క్రితమైతే మీరు ఈ మాట చెప్పేవారా?” అని అడిగారు.

చెప్పేవారము కాము. ఆనాడు మాకు కూడా ఆ చుక్క కనిపించలేదు.

బిడ్డల మేలును సకాలంలో గుర్తించే చూపును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.